గ్లుటమేట్ రవాణా ప్రోటీన్లు

మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే ప్రధాన నాడీ ప్రసారిణి గ్లుటమేట్. ఎసిటైల్‌కోలిన్‌ను నాడీసంధిలోనే విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ ఉంది. గ్లుటమేట్‌కు అటువంటిది లేదు. కనుక పని ముగిసిన గ్లుటమేట్‌ను తొలగించే బాధ్యత రవాణా ప్రోటీన్లదే. మానవునిలో ఇవి 5 రకాలు. వీటిలో ముఖ్యమైన ఇఏఏటి-2 అధికంగా ఆస్ట్రోసైట్ల కణత్వచంలో ఉంటుంది.

నిర్మాణం: ఈ కుటుంబానికే చెందిన ఒక సూక్ష్మజీవి ప్రోటీన్ నిర్మాణాన్ని 2004లో ఎరిక్ గువో బృందం ఎక్స్-కిరణాల సాయంతో కనుగొంది. మూడు ఒకే రకం ఉపభాగాలు కలిసి గిన్నె ఆకారంలో ఉంటాయి.

పనితీరు: ప్రతి ఉపభాగంలోని ఒక ఖండం గ్లుటమేట్‌ను పట్టుకొని, లిఫ్టులాగా కణం లోపలి వైపుకు దిగుతుంది. ఒక గ్లుటమేట్‌తో పాటు 3 సోడియం అయాన్లు, 1 ప్రోటాన్ లోపలికి వస్తాయి. 1 పొటాషియం అయాన్ బయటికి పోతుంది. దీనికి కావలసిన శక్తి ముఖ్యంగా సోడియం గాఢతలోని తేడా నుంచి లభిస్తుంది. ఆస్ట్రోసైట్‌లో గ్లుటమేట్ గ్లుటమిన్‌గా మారి, తిరిగి నాడీకణానికి చేరుతుంది.

విఫలమైతే: మెదడుకు రక్తప్రసరణ ఆగినప్పుడు ఏటీపీ తగ్గి, సోడియం-పొటాషియం పంపు నిలిచిపోతుంది. గాఢతలోని తేడా నశించి, రవాణా వ్యతిరేక దిశలో సాగుతుంది. బయట పేరుకున్న గ్లుటమేట్ వల్ల నాడీకణాల్లోకి కాల్షియం అధికంగా ప్రవేశించి, అవి మరణిస్తాయి. పక్షవాతం లక్షణాలు కనిపించిన వెంటనే రోగిని ఆసుపత్రికి చేర్చాలనడానికి ఇదొక ముఖ్య కారణం.