హృదయ రక్షణ వంటింటి నుంచే

శిరస్సు, హృదయం, వస్తి – ఈ మూడింటినీ ఆయుర్వేదం ప్రధాన మర్మాలుగా పేర్కొన్నది. వీటిలో హృదయాన్ని కాపాడుకొనేందుకు ఏ లేహ్యం వాడాలని అడిగేవారే నా వద్దకు ఎక్కువగా వస్తుంటారు. ఇంట్లో నెలకు ఎంత ఉప్పు ఖర్చవుతున్నదని నేను ఎదురు ప్రశ్న వేస్తే వారికి వింతగా ఉంటుంది.

చరక సంహిత విమానస్థానంలో అతిగా వాడరాని ద్రవ్యాలు మూడు చెప్పబడ్డాయి: పిప్పలి, క్షారం, లవణం. మన భోజనాన్ని ఒక్కసారి పరికించండి. పప్పులో, కూరలో, చారులో ఉప్పు. ఆపైన ఆవకాయ, ఊరమిరపకాయలు. చివరకు మజ్జిగ అన్నంలోనూ ఉప్పే. ఇక అప్పడం సంగతి చెప్పనక్కరలేదు. లవణం, క్షారం రెండూ అందులోనే ఉన్నాయి! ఉప్పు అధికమైతే రక్తపోటు పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ఎదురొడ్డి పనిచేసే గుండె కండరం మొదట మందమై, క్రమంగా బలహీనపడుతుంది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. అంటే సుమారు ఒక చిన్న చెంచాడు. ఊరగాయలోనిదీ, బజారు మిక్చరులోనిదీ ఆ లెక్కలోకే వస్తుంది. సైంధవ లవణం వాడుతున్నాం కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. నిత్యం వాడదగిన పదార్థాలలో చరకుడు సైంధవాన్ని చేర్చినమాట నిజమే. కాని దానిలోనూ అధికభాగం సోడియం క్లోరైడే. కొలత తగ్గించక రకం మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

ఉప్పు ఒక్కసారిగా మానితే అన్నం సహించదు. వారం వారం కొంచెం తగ్గిస్తూ రండి. నిమ్మరసం, అల్లం, జీలకర్ర, మిరియాలు ఆ లోటును చాలావరకు పూరిస్తాయి. కొన్ని వారాలలో నాలుక అలవాటు పడుతుంది. రోగి ఒక్కరికే చప్పిడి కూర వేరుగా వండే ఇళ్లలో ఆ నియమం నెల దాటి నిలవడం నేను అరుదుగా చూశాను. ఇంటిల్లిపాదికీ తగ్గించడమే మార్గం. మా గురువుగారింట విస్తరిలో ఉప్పు వడ్డించే ఆచారమే లేదు. చప్పగా ఉన్నదంటే ఇంకొంచెం చారు పోసేవారు!

భోజనం కడుపులో సగభాగానికే ఉండాలి, పావుభాగం ద్రవానికి, మిగిలినది ఖాళీగా వదలాలి. వ్యాయామం అర్ధశక్తితో, అంటే నుదుట చెమట పట్టి శ్వాస వేగం పెరిగేంతవరకు. రోజూ అరగంట చురుకైన నడక చాలామందికి సరిపోతుంది. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. మనస్సుకు దుఃఖం కలిగించేవాటిని ప్రత్యేకించి పరిహరించాలని హృదయం విషయంలో చరకుడు చెప్పడం గమనింపదగినది. కోపతాపాలతో భోజనానికి కూర్చోవద్దు.

తెల్లమద్ది బెరడు హృద్యమని ప్రసిద్ధి. అయితే అది మొదలుపెట్టి రక్తపోటు మాత్రలు సొంతంగా మానేసేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. రెండూ వాడదలిస్తే ఇద్దరు వైద్యులకూ తెలియజేయండి.

గుండెనొప్పిని గ్యాస్ అనుకొని వాము నీళ్లు తాగి పడుకోవడం మన ఇళ్లలో పరిపాటి. ఛాతీలో బిగపట్టినట్లుండి, నొప్పి భుజానికి, దవడకు పాకుతూ, చెమటలు పడితే గృహవైద్యానికి అది సమయం కాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి స్పష్టంగా తెలియక ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. అప్పుడూ తెల్లవారేదాకా ఆగవద్దు.