రక్షణ చిత్రం: కెమెరా ఎవరి పక్షం?

వస్తువు మంచిదైనంత మాత్రాన రచన మంచిది కాదు. కథానిక విషయంలో మనం ఎన్నోసార్లు చర్చించుకున్న ఈ సంగతి, పాఠశాల విద్యార్థులు సెల్‌ఫోన్లతో తీస్తున్న లఘుచిత్రాలకూ వర్తిస్తుంది. గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో 10వ తరగతి విద్యార్థులు కౌమార బాలికల రక్షణపై 11 నిమిషాల చిత్రం తీశారు. దాన్ని పరిశీలించి అభిప్రాయం చెప్పమని నన్ను అడిగారు. ఇటువంటి చిత్రాలను ఏ కొలమానంతో చూడాలో వివరించడానికి దాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

విద్యార్థుల చేత సంఘ విమర్శ చేయించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ నాటకం ఆడించారు. ప్లీడర్ల అక్రమాలు దాని వస్తువు. దోషిని వెతుక్కుంటూ ఆ నాటకం ఊరవతలికి పోలేదు; సంఘంలో మర్యాద పొందుతున్న వృత్తిలోనే అతణ్ణి చూపింది.

మన పిల్లల చిత్రంలో దోషి ఎవరు? ట్యూషన్ ముగించుకుని ఒక బాలిక చీకటిపడ్డాక కాలువ గట్టు మీద సైకిలుపై వస్తుంటుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న అపరిచితుడు వెంటపడతాడు. ఆమె తప్పించుకుంటుంది. మర్నాడు ప్రధానోపాధ్యాయుడు ఆడపిల్లలు పాటించవలసిన జాగ్రత్తలు చెబుతాడు.

సైకిలు చైను ఊడిన చప్పుడు, లాకుల దగ్గర నీటి హోరు, పిల్లలు మాట్లాడుకునే సహజమైన గోదావరి యాస మెచ్చదగినవి. అయితే వెంటపడే దృశ్యమంతా కెమెరా బాలిక వీపు వెనుకే నడిచింది. అంటే ప్రేక్షకుడు ఆమెను వేటగాడి కళ్లతో చూస్తున్నాడు. ఆమె భయం మనకు అందలేదు. ఆమె శరీరం మాత్రమే కనబడింది. దృక్కోణం సాంకేతిక విషయం మాత్రమే అనుకునేవారు ఈ దృశ్యాన్ని చూడాలి.

రెండో లోపం వాస్తవికతకు సంబంధించినది. పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసుల్లో నిందితులు అత్యధికంగా బాధితులకు తెలిసినవారేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, పాఠం చెప్పేవాడు అందులో ఉండవచ్చు. తువ్వాలు చుట్టుకున్న ఆగంతకుడు వీళ్లందరినీ ప్రేక్షకుడి అనుమానం నుంచి తప్పిస్తాడు. పైగా ముగింపులోని హితబోధ అంతా బాలికకే. ఆ తరగతిలో కూర్చున్న మగపిల్లలకు ఒక్క మాట కూడా లేదు!

ఇక్కడ నిర్మాణ క్రమాన్ని అడిగి తెలుసుకోవడం విమర్శకుడి బాధ్యత. తీసి, కూర్పులో తొలగించిన దృశ్యం ఒకటుందని తెలిసి చూపించమన్నాను. పండుగనాడు ఇంటికొచ్చిన మావయ్య పక్కన కూర్చోగానే, ఆ బాలిక కాఫీ గ్లాసు కింద పెట్టి లేచిపోతుంది. మాట లేదు, సంగీతం లేదు. చిత్రం మొత్తంలో నిజమైన కళ ఉన్నది అక్కడే. ఎందుకు తీసేశారంటే, దర్శకత్వం వహించిన అమ్మాయి, “మావయ్యని అలా చూపిస్తే మా ఇళ్లల్లో ఊరుకోరండి మేష్టారూ” అంది. ఆ కత్తెర వేసింది పిల్లలు కాదు, ఇంటి గుట్టు అనే భూస్వామ్య నీతి.

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఆ గుట్టును అంగీకరించదు. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పాలని 19వ సెక్షను, చెప్పకపోతే శిక్ష అని 21వ సెక్షను అంటున్నాయి. బాధిత బాలల పేరు, కుటుంబం, పాఠశాల వంటి ఆనవాళ్లు బయటపెట్టరాదని 23వ సెక్షను చెబుతుంది. కనుక ఊళ్లో జరిగిన సంఘటనను గుర్తుపట్టేలా తీయకూడదు. కల్పనే ఇక్కడ బాధ్యతాయుతమైన మార్గం. హింసను పిల్లల చేత అభినయింపజేయవలసిన అవసరం కూడా లేదని ఆ కాఫీ గ్లాసు దృశ్యమే రుజువు చేస్తున్నది.

కాబట్టి ఇటువంటి చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు ఈ నాలుగూ అడగాలి: కెమెరా ఎవరి కంటితో చూస్తున్నది? దోషిని ఎక్కడ చూపుతున్నది? మారవలసింది ఎవరని చెబుతున్నది? తీసేవేళ ఎవరికి భయపడి ఏం వదిలేసింది? వెలుతురు, కూర్పు, నటన ఈ ప్రశ్నలకు లోబడే లెక్కకు వస్తాయి.

తొలగించిన దృశ్యాన్ని తిరిగి చేర్చమని, ఉపన్యాసాన్ని తీసివేయమని రాసి ఇచ్చాను. తల్లిదండ్రులను కూర్చోబెట్టి ముందుగా వాళ్లకు చూపించమని కూడా రాశాను. ఆ పని పిల్లల మీద వదిలేయకుండా ఉపాధ్యాయులమే పూనుకోవాలి.