మత్తుకు విరుగుడు బడిలోనే

మాదకద్రవ్యం అనగానే దేశపు సరిహద్దులు దాటి రహస్యంగా వచ్చే తెల్లని పొడి మనకు స్ఫురిస్తుంది. కాని పసివాడి చేతికి మొదట చిక్కే మత్తు వాడి పుస్తకాల సంచిలోనో, వీధి చివరి దుకాణంలోనో ఉండవచ్చు. రాత తప్పులను కప్పే తెల్లని ద్రవం, చెప్పులు అతికే జిగురు అటువంటివే. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, ఇటువంటి పదార్థాల ఆవిరిని పీల్చేవారు పెద్దలలో 0.58 శాతం, 10–17 ఏండ్ల పిల్లలలో 1.17 శాతం. పెద్దలకన్న పిల్లలలో ఎక్కువగా కనిపించిన వ్యసనం ఇదొక్కటే. దీనివల్ల మెదడు దెబ్బతింటుంది. ఒక్కొక్కప్పుడు గుండె హఠాత్తుగా ఆగి ప్రాణమే పోతుంది.

పాఠశాల ఏం చేయాలి? ఏడాదికొకసారి పిల్లలను మైదానంలో కూర్చుండబెట్టి, భయంకరమైన బొమ్మలు చూపి, ప్రతిజ్ఞ చేయించి పంపితే సరిపోతుందా? అమెరికా అనుభవం వేరుగా చెబుతున్నది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసు అధికారులే తరగతులకు వచ్చి బోధించే పథకం మొదలై దేశమంతటా వ్యాపించింది. ఆ పాఠాలు విన్నవారిని, విననివారిని 1990లలో పరిశోధకులు పోల్చి చూడగా, కొన్నేళ్ళు గడిచేసరికి ఇరువురి నడుమ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2013లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన నివారణ ప్రమాణాలు సైతం వట్టి ఉపన్యాసాలూ, బెదిరింపులూ ఫలించవనే తేల్చాయి. స్నేహితుడు బలవంతపెట్టినప్పుడు ‘వద్దు’ అని ఎట్లా చెప్పాలో తరగతిలో పిల్లలచేత మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేయించడమే మేలని వాటి సారాంశం.

మన దేశంలో చట్టాలకు కొదువ లేదు. బాలలకు మత్తు పదార్థాలు ఇచ్చినవారికి 2015నాటి బాలల న్యాయ చట్టం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష విధిస్తుంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003నాటి చట్టం నిషేధించింది. అయితే చట్టం కంటికి ఆననిది ఉపాధ్యాయుని కంటికి ఆనుతుంది. ముందు బల్లమీద కూర్చునే పిల్లవాడు వెనక్కు జరగడం, మార్కులు తగ్గడం, కళ్ళు ఎర్రబడడం, బట్టలకు రసాయనపు వాసన పట్టడం ఆయన దృష్టిని దాటిపోవు. ఇవి ప్రతిసారీ వ్యసనానికే గుర్తులు కాకపోవచ్చు. పిలిచి మాట్లాడడానికి మాత్రం చాలిన కారణాలే.

అసలు పరీక్ష ఆ తరువాతనే. పాఠశాల పేరు చెడుతుందన్న జంకుతో హాజరు పట్టీలో పిల్లవాని పేరు కొట్టివేస్తే, వాడు చేరేది మత్తు అమ్మే వీధికే. తల్లిదండ్రులను గోప్యంగా పిలిపించడం, 14446 జాతీయ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి వైద్య సలహా పొందడం, చికిత్స సాగినంతకాలం వాని చోటు తరగతిలో పదిలంగా ఉంచడం ప్రతి ప్రధానోపాధ్యాయునికి సాధ్యమైన పనులే.