వైద్యుడు – రోగి – చట్టము



వైద్యుని దైవసమానునిగా భావించుట మన పెద్దల యాచారము. అయినను రాజానుజ్ఞ లేక చికిత్సకు పూనుకొనరాదని సుశ్రుతుడు చెప్పియున్నాడు. వ్యాధి ప్రాణాంతకమని ముందుగా తెలుపక చికిత్స చేయగా రోగి మరణించినచో వైద్యుడు దండనార్హుడని కౌటిల్యుడు విధించెను. కావున వైద్యుని ప్రశ్నించుట అపచారమను భయము శాస్త్రసమ్మతము కాదు.

నాటి రాజానుజ్ఞకే నేడు రిజిస్ట్రేషను అని పేరు. నాటి మద్రాసు రాజధానిలో ఇందులకు 1914లో చట్టము పుట్టినది. నేడు 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము ననుసరించి, పేరు నమోదు గాకయే ఇంగ్లీషు వైద్యము చేయువానికి ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, 5 లక్షల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. వైద్యుడు తన రిజిస్ట్రేషను సంఖ్యను వైద్యశాలలోను, మందుల చీటీమీదను చూపవలెనని 2002 నాటి నియమావళి. బోర్డుమీది బిరుదములను గాక, ఆ సంఖ్యను చూడుడు.

ఆపదలో పడినవానికి ముందు ప్రాణరక్షణము, తరువాతనే పోలీసు వ్యవహారమని సుప్రీముకోర్టు 1989లో తీర్పు చెప్పెను. ఆసుపత్రిలో చేరిన రోగిగాని, అతని పక్షమువారుగాని కోరినచో, 72 గంటలలో చికిత్సకు సంబంధించిన పత్రముల నీయవలెను. సొమ్ము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లో నిర్ణయమైనది. కావున నిర్లక్ష్యమువలన నష్టపడినవాడు రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేసికొనవచ్చును.

కాగితములు చదివించుకొనుటకు నాయొద్దకు వచ్చువారిలో పలువురు రసీదు లేకయే వత్తురు. అడిగిన వైద్యుడు కోపించునేమో యని అడుగమందురు. వారి పక్షమున న్యాయమున్నను ఋజువు లేకపోవుటచే ఊరకుండవలసివచ్చుచున్నది.

ఇంకొక మాట. రోగి మరణించిన ప్రతిచోటను వైద్యుని దోషముండదు. ఘోరమైన నిర్లక్ష్యమున్నగాని అది క్రిమినలు నేరము కాదని 2005లో సుప్రీముకోర్టు తేల్చినది. దుఃఖావేశమున ఆసుపత్రిపై రాళ్లు రువ్వినచో నేరము మనదే యగును. మరునాడు మన యూరి రోగులకు వైద్యుడును దొరకడు.

ఇంటికి పెద్దలైన మీకు నా మనవి యిది. పొలము దస్తావేజులుంచు పెట్టెలోనే మందుల చీటీలను, పరీక్షల ఫలితములను, రసీదులను భద్రపరచుడు. సంతకము పెట్టుటకు ముందు ఆ కాగితమును చదివింపుడు. చట్టము నోరులేనిది; దానిచే పలికించునవి ఆ కాగితములే.