కార్జం గట్టిపడిందా?

మేక కార్జం కడిగేటప్పుడు చూశారా? మెత్తగా ఉంటుంది. మన కార్జమూ అంతే. దీన్నే కాలేయం అంటారు. కుడి పక్కటెముకల కింద ఉంటుంది.

తాగుడు, కామెర్ల వైరస్, కొవ్వు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అది మెల్లగా గట్టిపడుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. మరి ఎలా తెలుస్తుంది?

ఫైబ్రోస్కాన్ అనే మిషను ఉంది. సూది గుచ్చరు. మూడు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు. వెల్లకిలా పడుకోవాలి. పక్కటెముకల మధ్య మిషను చిన్నగా తడుతుంది. ఆ అదురు కాలేయంలోకి పోతుంది. మెత్తగా ఉంటే నెమ్మదిగా పోతుంది. గట్టిగా ఉంటే వేగంగా పోతుంది. చెవికి వినపడని శబ్దంతో మిషను ఆ వేగం కొలుస్తుంది. అంకె చూపుతుంది. మంచి కాలేయానికి సుమారు 5 వస్తుంది. గట్టిపడేకొద్దీ అంకె పెరుగుతుంది.

అంకె చూసి బెంగపడకండి. కామెర్లు ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. డాక్టరు అన్నీ చూసి చెబుతారు. ముందే తెలిస్తే మేలు. తాగుడు మానితే, మందులు వాడితే కాలేయం మళ్లీ మెత్తబడవచ్చు.