పాత ఇంట్లో బట్టల షోరూమ్: ముందు లెక్క, తర్వాతే అడ్వాన్సు

విజయవాడ వన్‌టౌన్‌లోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్ పక్క వీధిలోనో పాత మేడ ఒకటి అద్దెకుందని తెలిసిందనుకుందాం. రోడ్డు మీదే ఉంది. అంతస్తుకు 1,200 చదరపు అడుగులు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ముందు అరుగు. మధ్య గోడలు తీసేసి అద్దాలు బిగిస్తే షోరూమే కదా అనిపిస్తుంది. ఆ ‘తీసేస్తే’ దగ్గర కాస్త ఆగాలి.

ఇన్నేళ్లు నిలబడ్డ ఇల్లు బట్టల బరువుకు కూలిపోతుందా? కూలకపోవచ్చు. కానీ ఇంటికీ కొట్టుకీ లెక్క వేరు. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇంటి గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల ‘లైవ్ లోడ్’ మోయాలి. అంటే కట్టడం సొంత బరువు కాక, దాని మీదికి వచ్చే మనుషుల, సామాన్ల బరువు. రిటైల్ షాపుకు అది 400 కిలోలు, హోల్‌సేల్‌కు కనీసం 600. పది బై పన్నెండు అడుగుల మేడగదిని తీసుకోండి. ఇంటి లెక్కలో అది 25 కిలోల బియ్యం బస్తాలు సుమారు 89 మోస్తుంది. రిటైల్‌కు 178, హోల్‌సేల్‌కు 268 బస్తాలు మోయాలి.

చీర అరకిలో చొప్పున వేసుకున్నా, ఆ గదిలో నాలుగు వేల చీరలు పేరిస్తే 2 టన్నులు. ఇంటి లెక్కలో గది మొత్తం మోసేది 2.2 టన్నులే. ర్యాకులు, అద్దాలు, మనుషులు ఇంకా లెక్కలోకి రానే లేదు. అందుకని స్టాకంతా కిందే ఉంచండి. అక్కడి నేల భూమి మీదే ఆనుకుని ఉంటుంది.

‘పక్కవాళ్లూ ఇలాగే చేశారు, ఏమీ కాలేదే’ అంటారా? కట్టేటప్పుడు లెక్కకు మించి కొంత బలం ఉంచుతారు, వాళ్లను కాపాడుతున్నది అదే. డాబా కారి, చువ్వలు తుప్పు పట్టిన ఇంట్లో ఆ మిగులు ఎప్పుడో కరిగిపోయి ఉండవచ్చు. స్లాబు అడుగున పెచ్చులూడి చువ్వ కనిపిస్తే, సున్నం వేయించే ముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు, అంటే కట్టడం బలం లెక్కగట్టే ఇంజినీరుకు చూపించండి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలోలాగా కింద దుకాణాలు పెట్టడానికే కట్టినవాటి సంగతి వేరు.

ఇక గోడ. నాలుగున్నర అంగుళాలదైతే చాలావరకు గదుల్ని విడదీసే అడ్డుగోడే. తొమ్మిదంగుళాల గోడ మాత్రం సాధారణంగా పై స్లాబును మోస్తుంటుంది. పదేసి అడుగుల రెండు గదుల మధ్య గోడ తీశారనుకోండి. పై స్లాబును మోస్తూ పది అడుగులు దాటాల్సిన గర్డరు ఇప్పుడు ఇరవై అడుగులు దాటాలి. అడుగుకు పడే బరువు మారకపోయినా దాన్ని వంచే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. అదే సైజు గర్డరు వేస్తే మధ్యలో కుంగడం పదహారింతలు. కాబట్టి చాలా లోతైన గర్డరు కావాలి. నిన్నటిదాకా గోడ పొడవునా పరుచుకున్న బరువంతా ఇప్పుడు గర్డరు రెండు కొనల మీదికి చేరుతుంది. అక్కడ పాత ఇటుక నలిగిపోకుండా కొత్త స్తంభాలు, వాటి కింద కొత్త పునాది వేయాలి. ‘ఒక్క గోడే కదా’ అన్న పని మట్టి తవ్వేదాకా పోతుంది.

గోడ ముట్టుకోకుండా స్థలం పెరగదా? నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిని పుస్తకాల షాపుగా మార్చారు. ఉన్నది 750 చదరపు మీటర్లు, కావలసింది 1,200. గోడలకు ఏదీ తగిలించకుండా, తన కాళ్ల మీద తానే నిలబడే ఉక్కు అరల అంతస్తులు లోపల లేపారు. మన మేడలో అంత ఎత్తుండదు. అయినా గోడకు బిగించకుండా కింది నేల మీదే నిలబెట్టే ర్యాకులు అదే దారి.

అరుగు మూడడుగుల ఎత్తుంటే చక్రాల కుర్చీకి ర్యాంపు ఎంత పొడవుండాలి? అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల చొప్పున 36 అడుగులు, మధ్యలో ఆగే చోటు అదనం. పక్క సందు ఉంటే దాని వెంట వేయొచ్చు, లేదంటే చిన్న లిఫ్టు. అరుగు కొట్టేయడానికి నాకైతే మనసొప్పదు.

మెట్ల దగ్గర జాతీయ భవన నియమావళి ఇంటికి కనీసం మీటరు వెడల్పు అడుగుతుంది, షాపుకు మీటరున్నర. బయటపడే దారుల లెక్క కోసం అమ్మకాలు జరిగే కింది అంతస్తులో మనిషికి 3 చదరపు మీటర్లు, పైన 6 వేస్తారు. అంటే మన మేడలో కింద 37 మంది, పైన 19 మంది. ఆషాఢం సేల్ రోజు పైన 19 మందితో ఆగుతారా? పై అంతస్తులో అమ్మకం పెట్టకపోతేనే నయం. ఆఫీసు, కుట్టుపని చాలు.

భవన వినియోగ మార్పుకు మున్సిపల్ అనుమతి, కమర్షియల్ కరెంటు కనెక్షన్ ఎలాగూ తప్పవు. అద్దెపై జీఎస్టీ 18 శాతం, అంటే లక్షకు 18,000. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీములో లేకపోతే దాన్ని మీ అమ్మకాల పన్నులో సర్దుకోవచ్చు.

అసలు దెబ్బ తగిలేది అగ్రిమెంటులో. మార్పులకు 24 లక్షలు పెట్టి 11 నెలల కాగితం రాసుకుంటే, అద్దె కాక నెలకు 2.18 లక్షల ఖర్చు. అదే తొమ్మిదేళ్ల లీజైతే నెలకు 22 వేల చిల్లర. ఏడాది మించిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే, ఆ ఖర్చుకు వెనకాడకండి. ఖాళీ చేసే రోజున తీసిన గోడ తిరిగి ఎవరు కట్టాలో కూడా అందులోనే రాయించండి.