సాలంపంజా

బలవర్ధకమని మూలికల యంగళ్లలో నమ్మెడి సాలంపంజా, చెట్లపై గాక నేలయందే పెరుగు నొక యార్కిడ్ మొక్క దుంప. కాశ్మీరము, కుమావూను, నేపాళ దేశములలో 9,000 అడుగులకు పైబడిన చెమ్మగల పచ్చికబయళ్లు దీని నెలవు. మంచు కరగిన పిమ్మట ఊదారంగు పూలకంకి వేయును. దుంప వ్రేళ్లుగల యఱచేతివలె నుండుటచే పంజా యను పేరు కలిగినది.

పాతదుంప మొక్కను పోషించుచు క్షీణించును. ప్రక్కనే మఱుసటి యేటికై క్రొత్తదుంప యూరును. త్రవ్వినచో రెండును పోవును. విత్తులు ధూళివంటివి, వానిలో ఆహారపునిలువ లేదు. కావున నేలలోని యొక విధమగు బూజు తోడ్పడినగాని మొలక యెదుగదు. అందుచే పోయినమొక్క సులభముగా మరలి రాదు. ఆర్కిడ్ల విదేశవ్యాపారమును 1975 నుండి అంతర్జాతీయ నిబంధనలు కట్టుచేయుచున్నవి.

విత్తనపుగింజలు వండుకొనిన యింట పైరుండదని మీరెఱుగుదురు. అంగడిలో నీ దుంప నడుగువారు ఆ మాట తలచవలెను.